‘స్థానికులు’ అంటే ఎవరు? ఒక స్థానిక దినపత్రిక కేసు

ఈ కేసులో ఊరి పేరు, పత్రిక పేరు, మనుషుల పేర్లు ఉండవు. గుర్తుపట్టే వీలున్న రెండు మూడు వివరాలు మార్చాను. లెక్కలు శాతాల్లో చెప్పను, ఎందుకంటే ఆ అంకెలు చూస్తే అక్కడి వాళ్లకి అది ఏ పత్రికో తెలిసిపోతుంది. నేను చాలా ఏళ్లు డెస్కులో, అంటే విలేకరులు పంపిన వార్తలు దిద్ది పేజీల్లో పెట్టే చోట, పనిచేశాను. ఇప్పుడు చిన్న పత్రికల వార్తలు తిరగేసి, ఎక్కడ ఏం తప్పిపోతోందో చూసి పెడుతుంటాను. ఇలాంటి పనుల్లో నేను ఎక్కువ పొరపాట్లు చేసింది ఈ పత్రికలోనే. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

పత్రిక పాతది, నలుగురిలో పేరున్నది. ఒక పట్టణం, దాని చుట్టుపక్కల పల్లెలు దాని పరిధి. డెస్కులో ఆరుగురు సబ్ ఎడిటర్లు, బయట తొమ్మిది మంది విలేకరులు. పట్టణానికి ఒక అంచున, రైలు పట్టాలకు అవతల ఒక పెద్ద వాడ ఉంది. దాన్ని పేట అందాం. పని వెతుక్కుంటూ వచ్చి మూడు తరాలుగా అక్కడే స్థిరపడినవాళ్లు. ఇళ్లలో మాట్లాడుకునేది వేరే భాష, పిల్లలు చదివేది పత్రిక భాషలో. అందుకని పేపరు పేటకి బాగానే వెళ్లేది.

ఎడిటర్ మంచివాడు. ఈ సంగతి ముందే చెప్పడం అవసరం, ఎందుకంటే ఈ కేసు వినిపించినప్పుడల్లా ఎవరో ఒకరు విలన్ ఎవరని అడుగుతారు. నేనూ మొదట్లో వెతికాను. పేట అంటే పడని విలేకరి ఒక్కడు దొరికితే పని తేలిగ్గా అయిపోయేది. దొరకలేదు.

వచ్చిన సమస్య

ఒక తెల్లవారుజామున పోలీసులు పేటలో తనిఖీలు చేసి ఒక కుర్రాణ్ణి పట్టుకెళ్లారు. మర్నాడు మొదటి పేజీలో అతని ఫొటో వచ్చింది, హెడ్డింగులో పేట పేరు వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత కోర్టు ఆ కేసు కొట్టేసింది. ఆ సంగతి పత్రికలో రాలేదు. ఎవరూ తొక్కిపెట్టలేదు. కోర్టు వార్తలు చూసే విలేకరి ఆ రోజు మరో పెద్ద కేసు తీర్పు దగ్గర ఉన్నాడు. అరెస్టు చేసినప్పుడు ప్రెస్ నోట్ వస్తుంది గానీ, కేసు వీగిపోయినప్పుడు ఎవరూ పంపరు కదా.

కొన్ని వారాలకు పేపరు ఏజెంటు వచ్చి, “సార్, పేటలో కాపీలు ఒక్కసారిగా తిరిగొస్తున్నాయి” అన్నాడు. తర్వాత పేట నుంచి ఏడెనిమిది మంది ఒక ఉత్తరం పట్టుకుని ఆఫీసుకి వచ్చారు. ఎడిటర్ నాకు ఫోన్ చేసి, “ఒక సవరణ వేద్దామనుకుంటున్నాం. ఎవరూ నొచ్చుకోకుండా ఎలా రాయాలో చెబితే చాలు” అన్నారు.

ఇక్కడ నేను తీసుకోవాల్సిన మొదటి నిర్ణయం, ఆ అడిగినంత చేసి వచ్చేయడమా, ఇంకొంచెం లోపలికి వెళ్లడమా అన్నది. ఉత్తరం తెప్పించుకుని చదివాను. రెండు పేజీల ఉత్తరంలో కుర్రాడి అరెస్టు గురించి ఉన్నది నాలుగు వాక్యాలే. మిగతాదంతా ఎన్నడూ వార్త కాని సంగతుల జాబితా. ఉత్తరం రాసిన పెద్దావిడ రిటైరైన టీచరు. నేను వెళ్లి కలిస్తే ఒక మాట అన్నారు: “బాబూ, మా పేటలో మనుషులు ఎలా చచ్చిపోతారో మీ పేపరు చూసి చెప్పు.” అప్పుడు నాకు అర్థం కాలేదు. కోపంలో అన్న మాట అనుకుని రాసుకున్నాను.

నేను వెళ్లేలోపే వాళ్లు చేసినవి

ఉత్తరం అందిన వెంటనే పత్రిక రెండు పనులు చేసింది. రెండూ సదుద్దేశంతోనే.

మొదటిది వారానికో ప్రత్యేక పేజీ. పేటలో ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయి, పాత పాటలు పాడే తాత, కుట్టుమిషన్ మీద నలుగురికి పని నేర్పుతున్న గృహిణి. రంగుల ఫొటోలతో పేజీ అందంగానే ఉండేది. పేటలో దాన్ని చదివి నవ్వుకున్నారు. టీచరుగారి మాటల్లోనే: “మమ్మల్ని మెచ్చుకోమని అడగలేదు. మురుగుకాలవ సంగతి రాయమన్నాం.” పైగా ఆ పేజీ మొదలయ్యాక, పేట నుంచి ఏ ఐటం వచ్చినా డెస్కు దాన్ని ఆ పేజీ ఫోల్డరులో పడేయడం మొదలుపెట్టింది. తాగునీటి పైపు పగిలిన వార్త ఐదు రోజులు అందులో ఎదురుచూసి, పైపు బాగయ్యాక అచ్చయింది.

రెండోది, పేటకు చెందిన ఒక యువకుణ్ణి విలేకరిగా తీసుకోవడం. అతనికి పేట బీటు, అంటే పేట వార్తలు చూసే పని, ఇచ్చారు. అది తప్ప ఇంకేదీ ఇవ్వలేదు. పేటలో తనిఖీ జరిగితే ఆ వార్త మాత్రం ఎప్పటిలాగే క్రైం విలేకరి రాసేవాడు. మర్నాడు వీధిలో అందరూ నిలదీసేది ఈ కుర్రాణ్ణి. తాను రాయని వార్తకు రోజూ సంజాయిషీ చెప్పుకోలేక నాలుగో నెలలో మానేస్తానన్నాడు. నేను వెళ్లేసరికి రాజీనామా ఎడిటర్ బల్ల మీద ఉంది. దాన్ని నెల రోజులు అలాగే ఉంచమని అడిగాను. ఈ కేసులో నేను మొదట్లోనే సరిగా చేసిన పని బహుశా అదొక్కటే.

లెక్క

చర్చలకు ముందు పేపరు లెక్కపెట్టాలనుకున్నాను. ఈ పనికి పాత పద్ధతులే ఉన్నాయి. వార్తల్లో ఆడవాళ్ల వాటా ఎంతో చూసే గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్టు 1995 నుంచి ఐదేళ్లకోసారి చాలా దేశాల పత్రికలు, ఛానళ్లలో ఒకే రోజు వార్తలను లెక్కిస్తుంది. వార్తల్లో కనిపించే, వినిపించే వాళ్లలో ఆడవాళ్లు 1995లో 17 శాతం ఉంటే, 2020లో 25 శాతం. అన్ని దేశాల్లో కలిపి చూసేటప్పుడు ఒక్కరోజు సరిపోతుంది. ఒక్క పత్రికకు సరిపోదు, ఆ రోజు ఒక పెద్ద ప్రమాదం జరిగిందంటే లెక్కంతా తారుమారవుతుంది. వరసగా ఒక వారం తీసుకున్నా అదే చిక్కు. అందుకని ఒక వారంలోంచి సోమవారం, మరో వారంలోంచి మంగళవారం, ఇంకో వారంలోంచి బుధవారం, ఇలా ఏరి కుట్టిన వారాలు తయారు చేసుకున్నాను. వాటికి తోడు మూడేళ్ల పాత పేపర్లలో పేట పేరున్న ప్రతి ఐటమూ తీయించాను.

ఏం లెక్కపెట్టాలన్న దానికి రాబర్ట్ మేనార్డ్ ఆలోచన వాడుకున్నాను. 1983లో అమెరికాలో ఓక్లాండ్ ట్రిబ్యూన్‌ను కొన్న నల్లజాతి సంపాదకుడాయన. సమాజాన్ని చీల్చే గీతలు ఐదని చెప్పేవాడు: జాతి, వర్గం, లింగం, తరం, ఉన్న చోటు. వార్తలో మాట్లాడినవాళ్లు ఈ గీతలకు ఏ పక్కన ఉన్నారో చూడమంటాడు. నేను అన్నీ పెట్టుకోలేదు. లెక్కించేవాళ్లు ఇద్దరమే, ఎక్కువ గళ్లు పెడితే తప్పులు పెరుగుతాయి. ఎక్కడివాళ్లు, పేరుందా లేదా, వార్త ఎక్కణ్నుంచి వచ్చింది అన్న మూడే తీసుకున్నాను.

రెండో గడి దగ్గరే నాకు నిద్రపట్టని సంగతి తెలిసింది. పట్టణం నడిబొడ్డున కరెంటు పోతే, ఫలానా ఆయన, ఫలానా షాపు యజమాని అని పేరుతో మాట్లాడుతున్నారు. పేటలో కరెంటు పోతే మాట్లాడుతున్నది ‘స్థానికులు’. స్థానికులు ఆరోపించారు. స్థానికులు వాపోయారు. కాలనీవాసులు ఆవేదన వ్యక్తం చేశారు. అధికారికి పేరుంది, హోదా ఉంది, ఇంటిపేరుతో సహా ఉంది. పేటలో మనిషికి పేరు దొరకాలంటే రెండే దార్లు, నిందితుడన్నా కావాలి, మృతుడన్నా కావాలి. డెస్కులో ఇన్నేళ్లు ఉండి ఆ ‘స్థానికులు’ అన్న మాట నేనే వందల ఐటమ్స్‌లో పెట్టి ఉంటాను. ఎవరన్నారో తెలియనప్పుడు వాడే ఊతపదం అది. విలేకరి అక్కడికి వెళ్లకుండా ఫోన్లో రాశాడని దాని అర్థం. డెస్కులో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.

హెడ్డింగులూ అంతే. పేటలో గొడవ జరిగితే హెడ్డింగులో పేట పేరు. పేట అమ్మాయికి ర్యాంకు వస్తే హెడ్డింగులో పట్టణం పేరు. పట్టణం మధ్యలో కత్తిపోట్లు జరిగిన వార్తకు ఏ వీధి పేరూ లేదు, ‘యువకుల ఘర్షణ’ అని మాత్రమే ఉంది.

చివరికి పోయినవాళ్ల వార్తలు చూశాను. పత్రికలో సంతాప వార్తల శీర్షిక ఒకటి ఉంది. మూడేళ్లలో ఆ శీర్షికలో పేట మనుషులు ఒక్కరూ లేరు. మూడేళ్ల పేపర్ల ప్రకారం పేటలో ముసలితనంతో, జబ్బుతో పోయినవాళ్లు లేరు. పట్టాల మీద పడో, కత్తిపోటుకో, కరెంటు షాకు తగిలో పోయినవాళ్లే ఉన్నారు. టీచరుగారు అన్న మాట అప్పుడు అర్థమైంది.

నేను చేసిన తప్పులు

లెక్క చేతిలో ఉంటే గెలిచేసినట్టే అనుకున్నాను. డెస్కునీ, విలేకరుల్నీ కూర్చోబెట్టి, ఎవరి బైలైన్ (వార్త మీద వేసే విలేకరి పేరు) కింద ఎన్నిసార్లు ‘స్థానికులు’ వచ్చిందో పట్టికగా చూపించాను. పది నిమిషాల్లో గది గడ్డకట్టింది. సీనియర్ విలేకరి ఒకాయన లేచి, “సార్, నాకు రోజుకి ఏడు ఐటమ్స్ పంపాలని రూలు. పేటకెళ్లి వస్తే రెండు గంటలు. ఆ రెండు గంటల్లో మూడు ప్రెస్ మీట్లు అయిపోతాయి. పట్టికలో ఆ గడి ఏదీ?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన అడిగింది నా లెక్కలన్నిటికన్నా విలువైన ప్రశ్న.

రెండో తప్పు, పేటవాళ్లను ఆఫీసులో సమావేశానికి పిలవడం. రమ్మన్నది మధ్యాహ్నం మూడింటికి, వాళ్లు పనుల్లో ఉండే వేళ. వచ్చింది సంఘాల నాయకులే. ఒక్కొక్కరూ తమ సంఘం వార్తలు రావడం లేదన్నారు. నోట్సు రాసుకుంటూ కూర్చున్న విలేకరులకు అది ఇంకో ప్రెస్ మీట్‌లాగే అనిపించింది, నిజానికి అదీ ప్రెస్ మీటే. టీచరుగారు రాలేదు. తర్వాత అడిగితే, “మా ఇంటికి వస్తే మాట్లాడతాను. మీ ఆఫీసుకి ఒకసారి వచ్చాంగా” అన్నారు.

దీని తర్వాత కొన్నాళ్లు మళ్లీ చదువుకున్నాను. అమెరికాలో 1967 జాతి అల్లర్ల మీద వేసిన కెర్నర్ కమిషన్, 1968 నివేదికలో పత్రికలకు ఒక అధ్యాయమే కేటాయించింది. అల్లర్లకు మూలమైన బతుకుల్ని, కారణాల్ని పత్రికలు సరిగా చెప్పలేదని, తెల్లవాళ్ల లోకంలో నిలబడి చూసినట్టే రాశాయని అందులో తేల్చింది. నా పని కూడా తనిఖీ వార్త చుట్టూనే తిరిగిందని అప్పుడు గమనించాను. మిగతా మూడువందల అరవై నాలుగు రోజుల సంగతి నేను డెస్కుతో మాట్లాడనే లేదు.

బీబీసీలో 2017లో రాస్ అట్కిన్స్ తన కార్యక్రమంలో ఆడ, మగ గొంతులు సమానంగా ఉండాలని మొదలుపెట్టిన 50:50 లెక్క ఇంకో రకంగా పనికొచ్చింది. అక్కడ ప్రధానమంత్రి లాంటి, తప్పనిసరిగా చూపించాల్సిన మనుషుల్ని లెక్కలోకి తీసుకోరు. తాము ఎంచుకోగల గొంతుల్నే, తమ టీమే, కార్యక్రమం అయిపోయిన వెంటనే లెక్కపెట్టుకుంటారు. నేను చేసింది సరిగ్గా దానికి రివర్సు. బయటివాణ్ణి వచ్చి, మూడేళ్ల నాటివి తవ్వి, వాళ్ల చేతిలో లేనివీ కలిపి, పేర్లతో సహా గోడ మీద చూపించాను.

పనిచేసినవి

సీనియర్ విలేకరి అడిగిన రెండు గంటల దగ్గర మొదలుపెట్టాం. ఏడు ఐటమ్స్ నియమాన్ని వారంలో ఒక్కరోజు తీసేయమని ఎడిటర్‌ని అడిగాను. ఆ రోజు విలేకరి తన బీటులో ప్రెస్ నోట్ రాని చోటికి వెళ్లాలి, వార్త తేకపోయినా పర్వాలేదు. ఎడిటర్ దీనికి ఒప్పుకోవడానికే మూడు వారాలు పట్టింది. పేజీలు నిండవని భయం. ఆ భయం నిజమే, మొదటి నెల రెండుసార్లు ఏజెన్సీ వార్తలతో నింపాల్సి వచ్చింది. అయినా దీన్ని వదలొద్దని పట్టుబట్టాను. మనిషికి టైం ఇవ్వకుండా పేరు తెమ్మంటే, పేర్లు కల్పించి రాయడం మొదలవుతుంది.

టైం ఇచ్చాకే రెండో నియమం పెట్టాం: ‘స్థానికులు’ అన్న మాటతో ఐటం వస్తే సబ్ ఎడిటర్ విలేకరికి ఫోన్ చేయాలి. తిట్టకూడదు, రాయకూడదని చెప్పకూడదు. “అన్నా, ఎవరన్నారు?” అని అడగాలి, అంతే. పేరు చెప్పడానికి భయపడే మనిషైతే, ఎందుకు భయమో వార్తలోనే ఒక ముక్క రాయాలి. మొదటి వారం డెస్కు విసుక్కుంది. రెండో నెలకు విలేకరులే పేర్లతో పంపడం మొదలైంది, ఆ ఫోన్ తప్పుతుందని. మంచి కారణం కాకపోయినా నాకు అభ్యంతరం లేదు.

మురుగుకాలవ ఐటం ఎలా మారిందో చూడండి. పాతది: ‘పేటలో మురుగుకాలవ పొంగి పొర్లుతోందని, అధికారులు పట్టించుకోవడం లేదని స్థానికులు ఆరోపిస్తున్నారు.’ కొత్తదాంట్లో ఒకావిడ పేరుంది. నీళ్లు గుమ్మం దాటి లోపలికొచ్చినప్పుడల్లా పిల్లల పుస్తకాలు అటక మీదికి ఎక్కిస్తుందని ఉంది. కాలవ ఏ మూల దగ్గర కూరుకుపోయిందో ఉంది. మునిసిపాలిటీకి ఆవిడ ఇచ్చిన మూడు అర్జీల తేదీలున్నాయి. ఆ తేదీలు ఉండబట్టే అధికారి ‘మా దృష్టికి రాలేదు’ అనలేకపోయాడు.

క్రైం వార్తలకు ఒక రిజిస్టరు పెట్టాం. మామూలు పొడుగాటి పుస్తకం. అరెస్టు ఫొటో వేసిన ప్రతి కేసూ అందులో ఎక్కుతుంది, కేసు ఎటు తేలిందో రాసేవరకూ ఆ వరస మూయరు. నెలకోసారి కోర్టు విలేకరి పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. కేసు కొట్టేస్తే, అరెస్టు వార్త ఏ పేజీలో వచ్చిందో ఆ పేజీలోనే ఆ వార్తా రావాలి. దీనివల్ల అనుకోని లాభం ఒకటి వచ్చింది. రిజిస్టరులో ఎక్కించే శ్రమ తలుచుకుని డెస్కు అరెస్టు ఫొటోలు వేయడమే బాగా తగ్గించింది.

సంతాపాల శీర్షికలో మార్పు అన్నిటికన్నా తేలిక, ఖర్చు లేనిది. అంతకుముందు ఎవరో ఒక ప్రముఖుడు సంతాపం తెలిపితేనే వార్త అయ్యేది. ఆ షరతు తీసేశాం. ఇంట్లోవాళ్లు చెబితే నాలుగు వాక్యాలు: పేరు, వయసు, చేసిన పని, మిగిలిన కుటుంబం. ఏజెంటే పేట నుంచి చీటీలు తెచ్చేవాడు. మొదట వచ్చింది రైల్వే గేటు దగ్గర చాలా ఏళ్లు పనిచేసిన ఒక పెద్దాయన గురించి. ఆ రోజు పేటలో కాపీలు మిగల్లేదని ఏజెంటు చెప్పాడు.

రాజీనామా ఇచ్చిన కుర్రాడి విషయం. పేట బీటు తీసేసి అతనికి మునిసిపాలిటీ ఇచ్చాం. పేటకు మిగతావాళ్లందరూ వంతులవారీగా వెళ్లాలి. అతను ఉండిపోయాడు. కౌన్సిల్ సమావేశాల్లో పేట రోడ్ల బిల్లు వస్తే, ఆ రోడ్డు వేశారో లేదో సమావేశంలో కూర్చునే అతను చెప్పగలడు. అంతకుముందు ఆ బిల్లులు కొత్త రోడ్లుగా వార్తల్లోకి వచ్చేవి. ప్రత్యేక పేజీని ఏ ప్రకటనా లేకుండా ఆపేశాం. ఎవరూ అడగలేదు.

క్షమాపణ

అసలు నన్ను పిలిచింది దీనికి. దీన్ని ఏడు నెలలు వాయిదా వేయించాను. రిజిస్టరు నడవకుండా క్షమాపణ వేస్తే, తర్వాతి నెలలో మళ్లీ అదే జరిగితే ఇక మాట చెల్లదు.

2004 జూలై 4న అమెరికాలో లెక్సింగ్టన్ హెరాల్డ్-లీడర్ పత్రిక మొదటి పేజీలో ఒక చిన్న సవరణ వేసింది, 1960ల నాటి నల్లవాళ్ల పౌరహక్కుల ఉద్యమాన్ని తాము పట్టించుకోలేదని, అందుకు చింతిస్తున్నామని. దాంతోపాటే అప్పుడు వేయని ఉద్యమం కథనాల్ని, ఫొటోల్ని అచ్చేసింది. 2020 డిసెంబరులో కాన్సస్ సిటీ స్టార్ తన నగరంలోని నల్లవాళ్ల గురించి దశాబ్దాలుగా ఎలా రాసిందో తన విలేకరులతోనే తవ్వించి, క్షమాపణతో కలిపి వరసగా ప్రచురించింది. రెండూ ఎడిటర్‌కి చూపించాను. ‘ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే’ అన్న వాక్యం ఆ రెండింట్లోనూ లేదని చెప్పాను. మేము వేసింది మొదటి పేజీ కింది సగంలో, ఏ తేదీన ఏం రాశాం, కోర్టు ఏ తేదీన ఏం చెప్పింది, అది మేం వేయలేదు, దానికి మాదే బాధ్యత. పక్కనే మూడేళ్ల లెక్కలో తేలిన సంగతులు. అరెస్టయిన కుర్రాడి ఫొటో మళ్లీ వేయలేదు.

ఆ కుటుంబం క్షమాపణ తీసుకోలేదు. ఎడిటర్ స్వయంగా పేపరు పట్టుకుని వెళ్తే, కుర్రాడి అన్న గుమ్మంలోనే నిలబడి ఫోన్ తీసి, తమ్ముడి పేరు కొట్టి, వచ్చిన ఫొటో చూపించాడు. పత్రిక వెబ్‌సైటులో ఆ పాత వార్త అలాగే ఉంది. “ఇది పోయేదెప్పుడు సార్? వాణ్ణి పనిలోకి తీసుకునేవాళ్లు మీ ఇవాళ్టి పేపరు చూడరు, ఇది చూస్తారు” అన్నాడు. మా ఎవరికీ తట్టని విషయం అది. ఏడు నెలలు అచ్చు కాగితం చుట్టూనే తిరిగాం.

క్లీవ్‌లాండ్‌లో ఒక వార్తా సంస్థ 2018లో, బోస్టన్ గ్లోబ్ 2021లో, పాత చిన్న నేరాల వార్తల్లోంచి పేర్లు తీసేయమనో, సవరించమనో అడిగే వీలు జనానికి కల్పించాయి. ఒక చిన్న కమిటీ ఒక్కో అర్జీ చూసి నిర్ణయిస్తుంది. మా దగ్గర ఎడిటర్ ఒప్పుకున్నారు, యాజమాన్యం ఆలోచిస్తామంది. పాత వార్త ముట్టుకుంటే చరిత్రను దిద్దినట్టవుతుందని వాళ్ల వాదన. దాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయలేను, పెద్దవాళ్లు కూడా రేపు తమ పాత వార్తలు తీసేయమని ఇదే తలుపు తడతారు. కానీ కేసు కొట్టేసిన వార్తను పాత వార్త పైనే అతికించడానికి ఆ వాదన అడ్డు కాదు. చివరికి అంతవరకు చేయించగలిగాను. ఫొటో తీసేశారు, పేరు మాత్రం ఉంది.

నా ఒప్పందం అయిపోయాక ఆర్నెల్లకు పేపరు తెప్పించుకుని మళ్లీ లెక్కపెట్టాను. సంతాపాల్లో పేట ఉంది. రిజిస్టరు నడుస్తోంది, రెండు నెలలు మాత్రం ఖాళీ, కోర్టు విలేకరి సెలవులో ఉన్నాడట. వారంలో ఒక్కరోజు తిరుగుడు నెలకు రెండుసార్లకు తగ్గింది. ఒక సోమవారం పేపర్లో, మూడో పేజీ కింద, పేట నుంచి ఐదు లైన్ల ఐటం కనిపించింది. వీధిదీపాలు వెలగడం లేదని స్థానికులు ఆరోపిస్తున్నారు. ఆ పేజీ చేసిన సబ్ ఎడిటర్‌కి ఫోన్ చేసి, “అమ్మా, ఎవరన్నారు?” అని అడిగాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. “రాత్రి పదకొండున్నరకి వచ్చింది సార్. అన్న ఫోన్ ఎత్తలేదు” అంది.